ఏడో నంబరు పులిపిరి

ఫిబ్రవరి 1, ఆదివారం

బల్ల ఆదివారం. తెల్ల చీర, తెల్ల జాకెట్టు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకుని వెనక్కి వస్తుంటే రెండో వరసలో ఒకావిడ నా మెడ వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తడుముకుంటే వేలికి రక్తం. గొలుసు కొక్కెం మూడో నంబరుని పట్టుకుని లాగేసింది.

మెడ చుట్టూ ఆరు పులిపిర్లున్నాయి. వార్డులో మంచాలకి వేసినట్టు ఎడమ చెవి కింద నుంచి నేనే నంబర్లు వేసుకున్నాను. పేర్లు పెట్టుకునేంత ప్రేమ లేదు.

కారెక్కగానే జాయ్ గోల. "అమ్మమ్మా, బ్లడ్!"

"రక్తమే. సాంబారు కాదుగా, ఎందుకా అరుపు?"

"అమ్మా, చూపించుకుందాం అని ఏడాది నుంచి చెప్తున్నా" అంది సుప్రియ, స్టీరింగు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. నా కూతురు ఆసుపత్రిలో నలభైమంది నర్సుల మీద అజమాయిషీ చేస్తుంది. ఇంట్లో నేనొక్కదాన్నే దొరికాను.

గుడ్డ పెట్టి నొక్కితే ఆగడానికి పావుగంట పట్టింది. గుండెకని రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్ళకి అంతే. రాత్రి చపాతీలు రెండు. పాయసం కొంచెం.

ఏడోది మెడ మీద లేదు. ఎడమ చంక కింద, బాడీ పట్టీ ఆనేచోట. దాని గురించి రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

జాయ్ ఇంటినుంచే పని చేస్తుంది. అంటే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫ్రిజ్ దగ్గర నిలబడుతుంది. ఇవాళ అక్కడినుంచే అడిగింది.

"అమ్మమ్మా, అవి అంటుకుంటాయా? నా టవల్ వాడావా?"

కూర్చోబెట్టి పాఠం చెప్పాను. నర్సింగ్ కాలేజీ మానేశాక చాలా రోజులైంది పాఠం చెప్పి. మనవాళ్ళు అన్నిటినీ పులిపిర్లనే అంటారు. కానీ అసలు పులిపిరి గరుకుగా ఉంటుంది, వైరస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. ఇవి వేరు. మెత్తగా, సన్నని కాడకి వేలాడుతుంటాయి. వీటిని స్కిన్ ట్యాగ్ అంటారు. చర్మం మడతపడి రాసుకునేచోట పుడతాయి: మెడ, చంక, గజ్జ, కనురెప్ప. వయసు మీద పడ్డవాళ్ళకి, ఒళ్ళు వచ్చినవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి, షుగరు ఉన్నవాళ్ళకి ఎక్కువ. హాని చేయవు. అడ్డం రాకపోతే వదిలేయడం కూడా వైద్యమే.

"నీకు షుగర్ ఉందా?"

"నాకు పాఠం ఉంది. విను."

ఫిబ్రవరి 3, మంగళవారం

పొద్దున ఏడింటికి చెత్త తీసుకోవడానికి వచ్చిన సొన్నమ్మ నా మెడ మీద ప్లాస్టరు చూసింది. మా అపార్టుమెంటులో అరవై ఇళ్ళ తడి చెత్త, పొడి చెత్త ఆమె చేతుల మీదుగానే పోవాలి. కలిపి ఇచ్చినవాళ్ళని లిఫ్టు దగ్గరే నిలబెట్టి తిడుతుంది. అందుకే నాకు ఆమె అంటే గౌరవం.

"ఏమైంది టీచరమ్మా? ఉలిపిరా? మా అత్తకి ఇట్లనే ఉండాది, కంటి కాడ. వెంట్రుకతో బిగించి కట్టేస్తే సుమ్నే ఎండి రాలిపాయ." సుమ్నే అంటే ఊరికే అని, ఆమె తెలుగులో సగం కన్నడం.

"కంటి దగ్గరా? కన్ను పోతే?"

"కన్ను యాడికి పోతాది? ఈడనే ఉండాది కదప్పా. కట్టేది వద్దంటే సున్నమూ సోడా కలిపి పెట్టు."

సున్నం, సోడా కలిపి పెడితే పులిపిరితో పాటు చుట్టూ ఉన్న చర్మం కూడా కాలిపోతుందని, అలా కాలి చీము పట్టినవాళ్ళకి నేను కట్లు కట్టానని చెప్పాను. దారం కట్టినా అంతే, సరిగ్గా శుభ్రం చేయకపోతే కుళ్ళుతుంది, సగంలో ఊడితే రక్తం. శ్రద్ధగా విని, "అయితే వెంట్రుకే మేలు" అని బుట్ట ఎత్తుకుంది.

ఫిబ్రవరి 5, గురువారం

జాయ్ ఆన్‌లైన్లో ఒక పెట్టె తెప్పించింది. లోపల చిన్న చిన్న రబ్బరు ఉంగరాలు, ఒక ప్లాస్టిక్ గొట్టం. కాడకి రబ్బరు తొడిగితే వారంలో రాలిపోతుందట. సొన్నమ్మ వెంట్రుకకీ దీనికీ తేడా అట్టపెట్టె.

"యాపిల్ వెనిగర్ కూడా పనిచేస్తుందట అమ్మమ్మా."

"ఊరగాయ పెడుతున్నామా నన్ను?"

పెట్టె బీరువాలో దాచాను. పారేస్తే ఎవరైనా తీసుకుని తగిలించుకుంటారు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

స్నానం చేసి అద్దంలో చూశాను. ఏడోది కొంచెం నల్లగా ఉంది. బాత్రూంలో లైటు మార్చారు, అందువల్ల.

ఫిబ్రవరి 7, శనివారం

హాల్లో కిటికీ దగ్గర చేతి అద్దంతో చూశాను. లైటు వల్ల కాదు.

ఫిబ్రవరి 9, సోమవారం

అక్క పుట్టినరోజు. ఉంటే డెబ్బై తొమ్మిది. ఆమె పేరున మైసూర్‌పాక్ రెండు ముక్కలు తిన్నాను. ఆమెకి ఇష్టం.

అక్కకి మడమ మీద వచ్చింది. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

ఫిబ్రవరి 10, మంగళవారం

సుప్రియ డ్యూటీకి, జాయ్ వైట్‌ఫీల్డ్‌లో ఏదో మీటింగుకి పోయారు. పాత ట్రంకు తీశాను. అడుగున నల్ల పట్టు కుట్టుదారం ప్యాకెట్టు. 2009లో గడువు తీరిందని రాసి ఉంది. పట్టుకి గడువేమిటి, మా పెళ్ళి చీరలు ఇంకా ఉన్నాయి.

కత్తెర, ఫోర్సెప్సు ఇరవై నిమిషాలు మరగబెట్టాను. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. స్పిరిటుతో తుడిచి, కాడ మొదట్లో సర్జన్ ముడి వేశాను. డెబ్బై మూడేళ్ళ చేతికి, అద్దంలో తిరగబడి కనిపిస్తుంటే, రెండో ప్రయత్నంలోనే పడింది. ఈ ముడి రాక ఏడ్చిన విద్యార్థినులు ఎందరో.

మెడ మీదవి వదిలి ఏడోదానికే ఎందుకు కట్టానంటే, ప్రయోగం కనబడనిచోట చేయాలి. కారణం అంతే.

ఫిబ్రవరి 11

కొంచెం సలుపు. ఉండాలి కూడా.

ఫిబ్రవరి 12

బాగా నల్లబడింది. రక్తం ఆగితే నల్లబడుతుంది. ముడికి ముందే నల్లగా ఉన్న సంగతి వేరు.

ఫిబ్రవరి 14, శనివారం

సాయంత్రం స్నానంలో ఊడి చేతిలోకి వచ్చింది. మిరియపు గింజంత. అడుగున కొంచెం మిగిలింది, రక్తం చుక్క, అంతే. ప్లాస్టరు వేశాను.

దాన్ని దూదిలో పెట్టి, కాగితంలో చుట్టి, ఒంటి చెత్తకి బిల్డింగు నిబంధన ప్రకారం పొట్లం మీద ఎర్ర పెన్నుతో గుర్తు వేశాను. చాలా తేలిగ్గా అనిపించింది. జాయ్ తెచ్చిన కేకు ఒక ముక్క. చిన్నదే.

ఫిబ్రవరి 15, ఆదివారం

అంతా రాస్తాను.

ఏడింటికి సొన్నమ్మ వచ్చింది. పొట్లం నా చేత్తోనే ఇచ్చాను. ఎర్ర గుర్తు చూసి, "ఈ బిల్డింగులో మీరొక్కరే తల్లీ లెక్కగా చేసేది" అంది. గర్వపడ్డాను కూడా.

ఎనిమిదింటికి సుప్రియ నా జాకెట్టు హుక్కులు పెడుతూ ఆగిపోయింది.

"అమ్మా, ఈ ప్లాస్టరేంటి?"

"ఏం లేదు. ఒకటుండేది, ఊడింది."

"ఊడిందా, ఊడదీశావా?"

"ముడి వేశాను. పట్టుదారం. శుభ్రంగానే."

"ఎలా ఉండేది? రంగు?"

నేను చీర అందుకోబోయాను. సుప్రియ గొంతు మారింది. ఆ గొంతు నాకు తెలుసు. అది నాదే.

"స్పెసిమెన్ ఏదమ్మా?"

సుప్రియ నా దగ్గరే చదువుకుంది. క్లాసులో అందరితో పాటు నన్ను మేడమ్ అనేది. రెండో సంవత్సరంలో ఒకరోజు ఆపరేషన్ థియేటరులో ఒక రోగి వీపు మీదనుంచి తీసిన చిన్న ముక్కని గాజుగుడ్డతో పాటు బకెట్లో వేసేసింది. ఒంట్లోంచి తీసినది ఎంత చిన్నదైనా ఫార్మలిన్ సీసాలోకి, సీసా మీద పేరు, ఆ తరవాతే నీ చేతులు ఖాళీ. ఈ మాట ముప్పై ఒక్కేళ్ళు చెప్పాను. ఆరోజు నా కూతుర్ని రెండు గంటలు బకెట్లు వెతికించాను. దొరికింది. ఏడుస్తూ తెచ్చి ఇచ్చింది. ఆ ముక్క లేకపోతే ఆ మనిషికి ఏ జబ్బో ఎవరు చెప్తారని అడిగాను, ఇరవైమంది ముందు.

"పారేశాను" అన్నాను.

ఇద్దరం తెల్ల చీరల్లోనే సెల్లారులోకి దిగాం. సొన్నమ్మ పొడి చెత్త వేరుచేస్తోంది.

"ఏం పాయింది టీచరమ్మా? కమ్మా? ముక్కుపుడకా?"

"కాదు. పొద్దున ఇచ్చిన పొట్లం."

"దాంట్లో ఏముండాది?"

"పులిపిరి."

సొన్నమ్మ నా వైపు చూసింది, సుప్రియ వైపు చూసింది. నవ్వలేదు. అది ఆమె గొప్పతనం. "లారీ పోయి పావుగంటాయ. రెండు సంచులు మిగిలి ఉండాయి, చూస్తాంలే" అని పేపరు పరిచి గుమ్మరించింది. చేతికి గ్లవ్స్ లేవు. వద్దన్నాను. "మీకు కావాల్సింది కదా" అంది. మూడో అంతస్తు కుర్రకారు బిర్యానీ బొమికలు, ఎవరిదో ఎక్స్‌రే కవరు, పసిపిల్లల డైపర్లు. ఎర్ర గుర్తున్న పొట్లం ఒక్కటీ లేదు.

నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. సుప్రియ ఒక్క మాట అనలేదు. ఒకటైనా అంటే బాగుండేది.

చర్చికి పోలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

డాక్టర్ సమీనా, చర్మం డాక్టరు. మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనే క్లినిక్కు. జాయ్ వయసుదానిలాగే కనిపిస్తుంది గానీ పన్నెండేళ్ళ అనుభవం ఉందట. అనంతపురం పిల్ల, తెలుగు శుభ్రంగా మాట్లాడుతుంది. చేతులు కడుక్కుంటుందా లేదా అని చూశాను. కడుక్కుంది.

మెడ మీద ఆరింటినీ భూతద్దం లాంటి లైటుతో చూసి, "ఇవన్నీ మామూలువే ఆంటీ. ఉంచుకున్నా నష్టం లేదు" అంది. తీయాలంటే మత్తు సూది వేసి కత్తెరతో కత్తిరించవచ్చు, కరెంటు సూదితో మాడ్చవచ్చు, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించవచ్చు. పది నిమిషాల పని. గడ్డకట్టిస్తే మన చర్మం మీద తెల్లమచ్చ మిగిలే అవకాశం ఉంది కాబట్టి కత్తెరే మేలంది. నా జవాబు కూడా అదే. నూటికి తొంభై వేశాను.

తరవాత ప్లాస్టరు తీసింది.

"ఇక్కడున్నది ఎలా ఉండేది?"

"నల్లగా."

"కట్టకముందా, కట్టాకా?"

"కట్టకముందే."

"కాడ మెలిపడితే మామూలు ట్యాగు కూడా నల్లబడుతుంది. వేరేదైనా నల్లగానే ఉంటుంది. ముక్క ఉంటే చెప్పగలిగేదాన్ని." నన్నేం అనలేదు. పాఠం తెలిసిన మనిషికి చెప్పినట్టు చెప్పింది, అదే బాధ. "కుటుంబంలో ఎవరికైనా చర్మం క్యాన్సర్ ఉందా?"

లేదన్నాను.

"పెద్దమ్మకి" అంది సుప్రియ. "మడమ మీద. మెలనోమా. తొమ్మిదేళ్ళయింది పోయి."

డాక్టరు రాసుకుంది. అడుగున మిగిలిన చర్మం అంతా ఒక ముక్కగా తీసింది. మూడు కుట్లు. గొలుసుకి సగం తెగిన మూడో నంబరుని కూడా రెండు నిమిషాల్లో కత్తిరించింది, రెండూ రెండు సీసాల్లో. సీసాల మీద పేరు నేనే రాస్తానన్నాను. రాత వంకర పోయింది. అక్కడ ఏసీ ఎక్కువ.

పోయేముందు నా మెడ వెనక నల్లబడ్డ చర్మం వేలితో రాసి చూసింది. "ఇది మట్టి కాదు ఆంటీ, ఎంత రుద్దినా పోదు. షుగర్ ఎప్పుడు చూపించారు?"

రిపోర్టు తొమ్మిది రోజుల్లో.

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

మూడు నెలల షుగరు సగటు 8.1. ఆరున్నర దాటితేనే షుగరు జబ్బు. ఇవాళ మొదలయ్యే లెంటు ఉపవాస దినాల్లో మిఠాయి మానేస్తానని దేవునితో చెప్పాను. ఆయనకి రిపోర్టు ముందే తెలుసు కాబట్టి పెద్దగా మెచ్చుకుని ఉండడు.

ఈ డైరీ వెనక్కి తిప్పితే పాయసం, మైసూర్‌పాక్, కేకు. ఒక రోగి ఇలా రాసిస్తే ఏం మాటలనేదాన్నో.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రిపోర్టు రాలేదు. తొమ్మిది రోజులంటే తొమ్మిది రోజులు. తెలుసు.

జాయ్ ఫోన్‌లో మెలనోమా గురించి చదువుతోంది, నేను రాగానే వంటల వీడియో పెట్టింది. వంట చేతకాని పిల్ల.

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చిలో స్వస్థత కోసం ప్రార్థించేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఎత్తలేదు. కుట్లు లాగుతాయి.

ఫిబ్రవరి 23, సోమవారం

రాసేస్తాను. ఎవరు చదవబోతారు.

పదేళ్ళ కిందట అక్క ఫోన్ చేసింది. గుంటూరు నుంచి. "మడమ మీద నల్లగా ఏదో లేచిందే, చెప్పు గుచ్చుకుంటోంది" అంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "ఆనెకాయో పులిపిరో అయ్యుంటుంది, ఏం కాదు, వదిలెయ్" అన్నాను. చూడలేదు. ఫోటో పంపమనలేదు. ఎన్నాళ్ళైంది, పెరిగిందా, రక్తం వచ్చిందా, ఈ మూడూ అడగలేదు. మొదటి సంవత్సరం పిల్లలు కూడా అడుగుతారు. అక్క వదిలేసింది. నేను చెప్పాను కాబట్టి వదిలేసింది. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. అక్కడున్న పిల్లలు డాక్టరు దగ్గరికి పోదామంటే, "నా చెల్లెలు ఏం కాదంది" అందట. ఏడు నెలల తరవాత గజ్జల్లో గడ్డలు. ఇంకో నాలుగు నెలలు.

అంత్యక్రియలకి పోయినప్పుడు పిల్లలు నన్నేం అనలేదు. కాఫీ ఇచ్చారు.

ఏడోదానికి దారం ఎందుకు కట్టానో ఫిబ్రవరి పదిన రాసిన కారణం అబద్ధం. ఊడిపోతే ఉండదు, ఉండకపోతే ఎవరూ చూడరు, చూడకపోతే ఎవరూ ఏ మాటా అననక్కర్లేదు. నర్సింగ్ టీచరు బుర్ర ఇలా కూడా పనిచేస్తుంది.

ఫిబ్రవరి 25, బుధవారం

సుప్రియ డ్యూటీ మధ్యలో ఫోన్ చేసింది. "అమ్మా, రిపోర్టు చదువుతున్నా, విను." మొత్తం చదివించాను, సారాంశం వద్దన్నాను. రెండూ మామూలు ట్యాగులే. ఏడోదాని అడుగున రక్తం గడ్డకట్టిన గుర్తులు, వాపు. చెడ్డ కణాలు లేవు. అంచులు శుభ్రం.

"అయితే పట్టీ రాసుకుని మెలిపడిందన్నమాట" అన్నాను.

"అయ్యుంటుంది. పై ముక్క లేదు కాబట్టి దాని గురించి చెప్పలేమని డాక్టర్ కింద రాసింది. ఆర్నెల్లకోసారి చూపించుకోమంది."

"సరిగ్గానే రాసింది."

అవతల ఎవరో సిస్టర్ సిస్టర్ అని పిలుస్తున్నారు.

"సుప్రియా, ఆరోజు థియేటరులో అందరి ముందు అలా అని ఉండకూడదు నేను."

"ముక్క దొరికింది కదమ్మా" అంది. "ఆ పేషెంటుకి క్యాన్సరే. ముందుగా తెలిసి బతికింది. నువ్వు వెతికించావు కాబట్టే. అన్నం తిను, మాత్ర వేసుకో."

ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు.

మార్చి 1, ఆదివారం

బల్ల ఆదివారం. తెల్ల చీర. మెడ మీద ఐదున్నాయి. ఉంచుకున్నాను. గొలుసు కొక్కెం మాత్రం మార్పించాను. రెండో వరస ఆవిడ బాగా చూసి నిరాశపడింది.

మార్చి 3, మంగళవారం

ఏడింటికి సొన్నమ్మ. చెత్త తీసుకుని పోకుండా గుమ్మంలో నిలబడింది. నేను తెప్పించిన గ్లవ్స్ నడుముకి దోపి ఉన్నాయి, చేతులకి కాదు.

"టీచరమ్మా, మీ దానికి రిజల్టు బాగా వచ్చిందంట కదా. పాప చెప్పె." పాప అంటే జాయ్. "నాకూ ఒకటి ఉండాది. చూస్తారా? ఏం కాదులే, సుమ్నే."

జాకెట్టు చేతిని పైకి లాగింది. కుడి భుజం మీద, సంచి తాడు ఆనేచోట. మినపగింజంత. కాడ ఉంది. నల్లగా ఉంది. ఆమె ఒంటి రంగు మీద ఎంత నలుపో గుమ్మం వెలుతుర్లో తెలియడం లేదు.

"ఉలిపిరే కదా? ఏం కాదంటే వెంట్రుక కట్టేస్తా."

నోటిదాకా వచ్చింది. రెండే మాటలు.

లోపలికి రమ్మన్నాను. రానంది, కాళ్ళు మురికి అంది. చెయ్యి పట్టుకుని తెచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని, టార్చి తెచ్చి, చేతులు కడుక్కుని చూశాను. ఎన్నాళ్ళైంది? పెరిగిందా? రక్తం వచ్చిందా? అడిగాను, ఒక్కోటీ. "దసరా నుంచి ఉండాది. పెద్దదాయ. తాడు తగిలి ఒకతూరి వచ్చె రక్తం." జాయ్‌ని పిలిచి, స్కేలు పక్కన పెట్టించి ఫోటో తీయించాను.

"గురువారం పదింటికి డాక్టరు దగ్గరికి పోతున్నాం. నేనొస్తాను."

"దీనికి డాక్టరా? పని ఉండాదమ్మా."

"సూపర్‌వైజరుతో నేను మాట్లాడతాను. అప్పటిదాకా వెంట్రుక కట్టావంటే నీ తడి చెత్తలో పొడి చెత్త కలుపుతాను."

నవ్వింది. మళ్ళీ అడిగింది, "ఏం కాదు కదా టీచరమ్మా?"

మెత్తగా ఉంది, కాడకి వేలాడుతోంది, రోజంతా తాడు రాసుకునేచోట ఉంది. తొంభై తొమ్మిది పాళ్ళు మామూలు ట్యాగే.

ఆ మాట ఆమెతో అనలేదు. "గురువారం చూద్దాం" అన్నాను.